కంపెనీ షేర్లు ఉంచాలా, అమ్మి ఇల్లు కొనాలా, ఇంకో రెండేళ్లు ఆగాలా? అమెరికాలో టెక్ జాబ్ చేసే మనవాళ్ల కోసం

అమెరికాలో మనవాళ్లు ఏ బర్త్‌డే పార్టీలో కలిసినా ఇప్పుడు నడిచే మాటలు మూడే. ఏఐ స్టాకులు ఇంకా పెరుగుతాయా లేక 2000లో లాగా కూలతాయా, ఇళ్ల రేట్లు ఎప్పటికైనా దిగుతాయా, ఫెడ్ (అమెరికా సెంట్రల్ బ్యాంక్) వడ్డీ ఇంకెంత తగ్గిస్తుంది. మూడూ వేరువేరు విషయాల్లాగే మాట్లాడుకుంటాం గానీ, చేతిలో రెండు లక్షల డాలర్ల ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లు) ఉండి అపార్ట్‌మెంట్‌లో రెంట్ కడుతున్న మనిషికి ఇవన్నీ కలిపి ఒకటే ప్రశ్న: ఈ షేర్లు ఇలాగే ఉంచాలా, అమ్మి ఇంటికి డౌన్ పేమెంట్ కట్టాలా, లేదంటే అమ్మేసి ట్రెజరీ బిల్స్‌లో (అమెరికా ప్రభుత్వానికి కొన్ని నెలలకి ఇచ్చే అప్పు) పెట్టి ఇంకో రెండేళ్లు ఆగాలా.

నేను ఈ ప్రశ్నతో రెండేళ్లు కుస్తీ పట్టాను, మధ్యలో ఒక లేఆఫ్ చూశాను, చివరికి డాలస్ పక్కన ఇల్లు కొన్నాను. అందుకే ఎవరైనా "స్టాక్ ఏడాదికి పదిహేను శాతం ఇస్తది, ఇల్లు నాలుగే ఇస్తది, ఇంకా ఆలోచనేంటి" అని ఒక్క లైన్లో తేల్చేస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఎంత వస్తుంది అనేది తర్వాత చూద్దాం, ఉద్యోగం పోయిన రోజు ఈ మూడింట్లో ఏది మన చేతిలో మిగిలి ఉంటుంది అనేది ముందు చూసుకోవాలి. ఎందుకంటే మన జీతం, మన షేర్లు, మనం ఉండే ఊళ్లో ఇంటి రేటు, హెచ్1బీ అయితే మన వీసా కూడా, అన్నీ ఒకే మేకుకి తగిలించి ఉన్నాయి. ఆ మేకు ఊడితే అన్నీ ఒకేసారి కింద పడతాయి. 2022లో నాకు జరిగింది అదే, షేర్ సగానికి పైగా పడింది, ఆ పడిన కారణంతోనే ఖర్చులు తగ్గిస్తున్నాం అని తర్వాతి జనవరిలో మెయిల్ వచ్చింది, అంటే సరిగ్గా డబ్బు అవసరమైన నెలలోనే నా దాచుకున్న డబ్బు సగమైంది.

ముందు స్టాకుల సంగతి

టెక్ స్టాకుల రేట్ల మీద రెండు వర్గాలు గట్టిగా వాదించుకుంటున్నాయి, ఇద్దరి దగ్గరా నిజం ఉంది. రేట్లు ఎక్కువైపోయాయి అనేవాళ్లు ముందు చూపించేది ఎకనామిస్ట్ రాబర్ట్ షిల్లర్ లెక్క, అంటే ఇప్పటి రేటుని గత పదేళ్ల సగటు లాభంతో భాగించడం. దాని దీర్ఘకాల సగటు 17 దగ్గర ఉంటే 1999 డిసెంబర్‌లో 44 అయింది, 2025 చివరికి మళ్లీ 40 చుట్టూ వచ్చింది. ఇంకో మాట, ఎస్ అండ్ పీ 500లో (అమెరికాలోని 500 పెద్ద కంపెనీల సూచీ) మొదటి పది కంపెనీల బరువే ఇప్పుడు దాదాపు 40 శాతం. ఏఐ చిప్స్ అమ్మే ఎన్విడియా ఒక్కటే 2023లో ఒక ట్రిలియన్ డాలర్ల కంపెనీ అయ్యి, 2025 జులైలో నాలుగు ట్రిలియన్లు, అక్టోబర్‌లో ఐదు ట్రిలియన్లు దాటింది. పైగా ఎన్విడియా చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐలో పెట్టుబడి పెడతానంటుంది, ఓపెన్ఏఐ ఆ చిప్స్ మీద నడిచే కంప్యూటింగే కొంటుంది, అంటే డబ్బు ఒకే ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతోందా అని అడుగుతున్నారు. 2008 ఇళ్ల పతనాన్ని ముందే ఊహించిన ఇన్వెస్టర్ మైకేల్ బరీ అయితే 2025 నవంబర్‌లో, ఈ చిప్స్ రెండు మూడేళ్లకే పాతబడతాయి, కంపెనీలు మాత్రం ఐదారేళ్లు పనికొస్తాయని లెక్కల్లో రాసి లాభం ఎక్కువ చూపిస్తున్నాయి అన్నాడు.

రెండో వర్గం చెప్పేది ఇంకోలా ఉంటుంది. 2000లో ఇంటర్నెట్ రౌటర్లు అమ్మే సిస్కో షేర్ దాని లాభానికి వంద రెట్లకు పైన అమ్ముడైంది, ఇప్పుడు ఎన్విడియా రాబోయే ఏడాది లాభానికి ముప్పై రెట్ల లోపే. అప్పట్లో డాట్‌కామ్‌లకి లాభమే లేదు, ఇప్పుడు మైక్రోసాఫ్ట్, ఆల్ఫాబెట్, అమెజాన్, మెటా నాలుగూ నిజమైన డబ్బు సంపాదిస్తున్నాయి, 2025లో డేటా సెంటర్లకి పెట్టిన 350 బిలియన్లకు పైగా ఖర్చులో పెద్ద భాగం ఆ సంపాదనలోంచే వచ్చింది. ఇదీ కాదనలేం.

నేను రెండు వైపులా విన్నాక నాకు తేలింది ఒకటే, ఏఐ నిజమా కాదా అనే ప్రశ్నకి, ఈ రేటు సరైనదా కాదా అనే ప్రశ్నకి సంబంధం తక్కువ. సిస్కోనే చూడండి. ఇంటర్నెట్ ప్రపంచాన్ని మార్చేస్తుంది, ఆ రౌటర్లన్నీ సిస్కోనే అమ్ముతుంది అని 2000లో అన్నవాళ్ల మాట అక్షరాలా నిజమైంది, కంపెనీ ఆదాయం ఆ ఏడాది దాదాపు 19 బిలియన్ల నుంచి 2025కి దాదాపు 57 బిలియన్లకి మూడు రెట్లు అయింది. కానీ ఆ మార్చిలో 80 డాలర్లకి షేర్ కొన్నవాడు మళ్లీ ఆ 80 చూడ్డానికి 2025 డిసెంబర్ దాకా ఆగాల్సొచ్చింది. కంపెనీ మంచిదే, జోస్యం కూడా కరెక్టే, కొన్న రేటే తప్పు. టెక్ కంపెనీలు ఎక్కువుండే నాస్‌డాక్ సూచీ మొత్తం 2000 మార్చి 10న 5048 దగ్గర ఉండి 2002 అక్టోబర్‌కి 1114కి పడింది, అంటే 78 శాతం, తిరిగి పాత ఎత్తుకి రావడానికి 2015 అయింది. అప్పట్లో 30 ఏళ్లున్న మనిషికి 45 వచ్చేసింది.

అలాగని బబుల్ అని అరిచి బయటికి దూకేసినవాళ్లు గెలిచారా అంటే అదీ లేదు. అప్పటి ఫెడ్ ఛైర్మన్ అలన్ గ్రీన్‌స్పాన్ మార్కెట్ మరీ ఉత్సాహంగా ఉంది అని హెచ్చరించింది 1996 డిసెంబర్‌లో, మార్కెట్ ఆ తర్వాత ఇంకో మూడేళ్లు పైగా పెరుగుతూనే పోయింది. మెటా 2022లో 64 శాతం పడింది, భయపడి అమ్మినవాళ్లు 2023లో అది దాదాపు మూడు రెట్లు అవ్వడం బయట నిలబడి చూశారు. 2025 జనవరి 27న డీప్‌సీక్ (చైనా ఏఐ కంపెనీ) వార్తకి ఎన్విడియా ఒక్క రోజులో 17 శాతం, దాదాపు 590 బిలియన్ డాలర్లు పోగొట్టుకుంది, ఏప్రిల్‌లో టారిఫ్‌ల దెబ్బకి ఎస్ అండ్ పీ రెండు రోజుల్లో పది శాతానికి పైగా పడి, వారం తిరగకుండానే ఒక్క రోజులో తొమ్మిదిన్నర శాతం లేచింది. ఎప్పుడు అని చెప్పగలిగినవాడు లేడు, చెప్తానన్నవాడిని నమ్మకండి.

మరి మన చేతిలో ఏముంది అంటే, ఎన్ని షేర్లు ఒకే కంపెనీలో ఉంచాలి అనేది. ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నేనూ అదే చేశాను. "ఏడాది ఆగితే లాంగ్ టర్మ్ అవుద్ది, ట్యాక్స్ తగ్గుద్ది, అప్పుడు అమ్ముదాం" అని వెస్ట్ అయిన (అంటే పూర్తిగా మన సొంతమైన) షేర్లు ఉంచేస్తాం. ఆర్‌ఎస్‌యూ వెస్ట్ అయిన రోజే ఆ రోజు రేటు మొత్తం మన జీతంలో కలిసిపోతుంది, ట్యాక్స్ అప్పుడే పడిపోతుంది. అదే రోజు అమ్మితే కొత్తగా కట్టాల్సిందేం ఉండదు దాదాపు. ఆగితే తగ్గే ట్యాక్స్ ఆ తర్వాత పెరిగిన లాభం మీద మాత్రమే. అంటే కంపెనీ మీకు క్యాష్ బోనస్ ఇస్తే, ఆ క్యాష్ మొత్తం పెట్టి ఇవాళ్టి రేటుకి అదే కంపెనీ షేర్ కొంటారా, ఈ ప్రశ్న మీకు మీరే వేసుకోండి. కొనను అనిపిస్తే వెస్ట్ అయిన రోజే అమ్మాలి, వేరే లెక్కేం లేదు.

పడితే ఏమవుద్దో కూడా చూడండి. వెయ్యి షేర్లు 200 డాలర్ల దగ్గర వెస్ట్ అయ్యాయి, రెండు లక్షల ఆదాయం మీద ట్యాక్స్ కట్టేశారు. ఏడాది తర్వాత 80కి పడింది, అమ్మారు, నష్టం లక్షా ఇరవై వేలు. వేరే లాభాలేమీ లేకపోతే ఈ నష్టాన్ని జీతం మీద ఏడాదికి 3,000 డాలర్లే తగ్గించుకోనిస్తారు, అంటే మొత్తం వాడుకోవడానికి నలభై ఏళ్లు. ఇంకోటి, షేర్లు వెస్ట్ అయినప్పుడు కంపెనీ ఫెడరల్ ట్యాక్స్ మామూలుగా 22 శాతమే పట్టుకుంటుంది (ఏడాదిలో అలాంటి ఆదాయం మిలియన్ దాటితేనే 37), మీరు 32 లేదా 35 శాతం ట్యాక్స్ బ్రాకెట్‌లో ఉంటే మిగతాది ఏప్రిల్‌లో చేతి నుంచి కట్టాలి. ఆ డబ్బు ఇంటి డౌన్ పేమెంట్‌లో పెట్టేసి ఏప్రిల్‌లో అప్పు చేసినవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు.

కంపెనీ షేర్లు అమ్మి ఇండెక్స్ ఫండ్‌లో (సూచీలోని కంపెనీలన్నీ కలిపి కొనే ఫండ్) పెడితే సేఫ్ అనుకోవడం సగమే నిజం. ఒక్క కంపెనీ మునిగే రిస్క్ పోతుంది, అది చాలా పెద్ద విషయమే, కానీ ఎస్ అండ్ పీలోనే పది కంపెనీలు 40 శాతం ఉన్నప్పుడు, మీ 401కే (రిటైర్మెంట్ ఖాతా) కూడా అందులోనే ఉన్నప్పుడు, మీరు టెక్ నుంచి బయటికి వచ్చినట్టు కాదు. నాస్‌డాక్ 100 ఫండ్‌లో పెడితే అసలే కాదు.

ఇల్లు: లెక్క కాగితం మీద వేద్దాం

ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు, ఇక్కడ కట్టనక్కర్లేదు, కొని చూస్తే చాలు. 2025 జూన్‌లో అమెరికాలో అమ్ముడైన పాత ఇళ్ల మీడియన్ (సరిగ్గా మధ్యలో ఉండే) రేటు 4,35,300 డాలర్లు, అప్పటికి రికార్డు. రియల్టర్ల సంఘం 2025 సర్వేలో మొదటిసారి ఇల్లు కొనేవాళ్ల మీడియన్ వయసు 40కి వచ్చింది, మొత్తం కొన్నవాళ్లలో వాళ్ల వాటా 21 శాతానికి పడిపోయింది, అంత తక్కువ ఎప్పుడూ లేదు. కారణం ఒకటి కాదు. 2008 తర్వాత చాలా ఏళ్లు ఇళ్లు కట్టడమే తగ్గిపోయింది, చాలా ఊళ్లల్లో జోనింగ్ రూల్స్ వల్ల ఒక స్థలంలో ఒకే ఇల్లు తప్ప కట్టనివ్వరు, దానికి తోడు 2021 జనవరిలో 2.65 శాతం ఉన్న 30 ఏళ్ల మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) రేటు 2023 అక్టోబర్‌కి 7.79 అయింది. మూడు శాతానికి లోన్ ఉన్నవాడు ఇల్లు అమ్మి ఆరున్నరకి కొత్త లోన్ ఎందుకు తీసుకుంటాడు, తీసుకోడు, అందుకే అమ్మకానికి ఇళ్లే రావు, వడ్డీ రేట్ పెరిగినా ఇంటి ధర దిగదు.

సరే మన లెక్కకొద్దాం. డాలస్ శివార్లలో 6 లక్షల డాలర్ల ఇల్లు అనుకుందాం, 20 శాతం అంటే లక్షా ఇరవై వేలు డౌన్, మిగతా 4,80,000 లోన్ 6.25 శాతానికి. నెలకి అసలు వడ్డీ కలిపి 2,955. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు గానీ ప్రాపర్టీ ట్యాక్స్‌తో లాగుతారు, 2 శాతం వేసినా నెలకి 1,000. ఇన్సూరెన్స్ 300 అనుకోండి, ఇక్కడ వడగళ్లకి రూఫ్ పోతుంది కాబట్టి ఎక్కువే ఉంటుంది. రిపేర్లకి ఏడాదికి ఇంటి రేటులో ఒక శాతం తీసి పక్కన పెట్టాలి, నెలకి 500. మొత్తం 4,755. ఇందులో మొదటి నెల అసలుకి పోయేది 455 డాలర్లే, మిగతా 4,300 తిరిగి రాని డబ్బు. డౌన్ కట్టిన లక్షా ఇరవై వేలు ట్రెజరీలో ఉంటే 4 శాతం లెక్కన నెలకి 400 వచ్చేది, అదీ కలిపితే 4,700. అదే ఇల్లు రెంట్‌కి 3,000కి దొరుకుతుంది అనుకుంటే తేడా 1,700, ఏడాదికి 20,400. ఆరు లక్షల మీద అది 3.4 శాతం.

అంటే ఇల్లు ఏడాదికి 3.4 శాతం పెరిగితే రెంట్‌తో సమానం అయినట్టు, లాభం ఇంకా మొదలవ్వలేదు. అమ్మేటప్పుడు ఖర్చులు 6 శాతం పోతే 36,000. మూడేళ్లకే అమ్మితే ఏడాదికి ఇంకో 2 శాతం దాని మీద పడుతుంది, ఐదున్నర పెరగాలి. పదేళ్లు ఉంటే ఆ ఖర్చు ఏడాదికి 0.6 శాతానికి పలచబడుతుంది, పైగా పదేళ్లలో రెంట్ పెరుగుతుంది, మీ అసలు వడ్డీ మాత్రం అదే 2,955. అందుకే ఇల్లు మంచిదా కాదా అనే ముందు ఎన్నేళ్లు ఉంటారు అని అడగాలి. ఐదేళ్ల లోపు కదిలే ఛాన్స్ ఉంటే నా ఓటు రెంట్‌కే, ఏడేళ్లు పైన అయితే కొనడం వైపు మొగ్గుతాను, మధ్యలో అయితే పిల్లల స్కూల్, మనశ్శాంతి లాంటివి తేలుస్తాయి, అవి లెక్కకి రావు గానీ చిన్న విషయాలేం కాదు.

"ట్యాక్స్ బెనిఫిట్ ఉంది కదా" అనేది ఏజెంట్లు ఎక్కువ చేసి చెప్పే మాట. పై ఇంటికి మొదటి ఏడాది వడ్డీ దాదాపు 29,800, ప్రాపర్టీ ట్యాక్స్ 12,000, కలిపి 41,800. కానీ ఇల్లు లేకపోయినా 2025లో భార్యాభర్తలకి స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ వేసే ఆదాయంలోంచి అందరికీ తీసేసే మొత్తం) 31,500 ఎలాగూ వస్తుంది. అదనంగా దక్కేది పదివేల చిల్లర మీదే, 24 శాతం బ్రాకెట్‌లో నెలకి ఓ 200 డాలర్లు మిగులుతాయి. ఉన్నమాట, కానీ దాని కోసం ఇల్లు కొనరు. అసలైన ట్యాక్స్ లాభం అమ్మేటప్పుడు, చివరి ఐదేళ్లలో రెండేళ్లు అందులో ఉంటే దంపతులకి 5 లక్షల డాలర్ల లాభం దాకా ట్యాక్స్ లేదు. మార్కెట్లో కొనే మామూలు స్టాకులకి అలాంటిది లేదు.

బే ఏరియా వాళ్లకి ఈ లెక్క ఇంకా కఠినంగా వస్తుంది. 15 లక్షల ఇల్లు నెలకి 4,500 రెంట్‌కి దొరికితే ఇంటి రేటు ఏడాది రెంట్‌కి దాదాపు 28 రెట్లు, మన డాలస్ ఉదాహరణలో అది 17 లోపే. నేనైతే ఈ నంబర్ 15 చుట్టూ ఉంటే కొనమంటాను, 20 దాటితే రెంట్‌లో ఉండమంటాను, మరీ గట్టి కారణం ఉంటే తప్ప. వడ్డీ డిడక్షన్ కూడా 7,50,000 లోన్ దాకే, పన్నెండు లక్షల లోన్ ఉంటే వడ్డీలో 62 శాతమే లెక్కకొస్తుంది. కాలిఫోర్నియాలో ఒక మేలు ఉంది, 1978 నాటి ప్రాప్ 13 చట్టం వల్ల ట్యాక్స్ వేసే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు, కాబట్టి ఇరవై ఏళ్లు ఉండేవాళ్లకి అది గొప్ప వరం, నిన్న కొన్నవాళ్లకి మాత్రం పక్కింటి పెద్దాయన కంటే ఐదింతలు ట్యాక్స్ కట్టే పరిస్థితి.

ఇల్లు ఎప్పుడూ పడదు అనే నమ్మకం కూడా వదిలెయ్యాలి. 2006 నుంచి 2012 మధ్య దేశం మొత్తం మీద సగటున 27 శాతం పడింది, లాస్ వేగాస్‌లో సగానికి పైగా పోయింది. 20 శాతం డౌన్‌తో కొన్న ఇల్లు 10 శాతం పడితే మీ సొంత డబ్బు సగం పోయినట్టే. అయినా స్టాక్‌కి ఇంటికి ఒక తేడా ఉంది, ఇల్లు పడినా నెల నెలా కడుతున్నంత కాలం మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు. 30 ఏళ్లు ఒకే వడ్డీ అనేది మామూలు సౌకర్యం కాదు, రేట్లు పెరిగితే మీది పెరగదు, తగ్గితే మీరు రీఫైనాన్స్ చేసుకోవచ్చు (పాత లోన్ తీర్చి తక్కువ వడ్డీకి కొత్తది తీసుకోవడం), లోన్‌లో రెండు మూడు శాతం ఖర్చవుద్ది అంతే. కట్టగలిగినంత కాలం, అదే అసలు షరతు. అందుకే మళ్లీ ఆ మేకు దగ్గరికే వస్తాం.

ఆగడం అనే మూడో దారి

దీన్ని మనవాళ్లు పిరికితనంలా చూస్తారు, నేను అలా చూడను. ట్రెజరీ బిల్స్ వడ్డీకి స్టేట్ ట్యాక్స్ లేదు, కాలిఫోర్నియా, న్యూజెర్సీ వాళ్లకి అది బ్యాంక్ సీడీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) కంటే బాగా కలిసొస్తుంది. కావాల్సిన రోజు చేతికొస్తుంది. ఫెడ్ 2023లో 5.25 నుంచి 5.50 మధ్య ఉన్న రేటుని 2025 డిసెంబర్‌కి 3.50 నుంచి 3.75 మధ్యకి దించింది కాబట్టి ఈ వడ్డీ కూడా దాంతోపాటే తగ్గింది, దీనితో ఎవరూ ధనవంతులవ్వరు. కానీ ఏడాదిన్నరలో ఇల్లు కొనాలనుకునే మనిషి డౌన్ పేమెంట్ ఉండాల్సిన చోటు ఇదే, షేర్లలో కాదు. నాకు తెలిసిన ఒకతను 2021 చివర్లో డౌన్ పేమెంట్ డబ్బంతా టెక్ ఫండ్‌లో పెట్టి ఇళ్లు చూడ్డం మొదలుపెట్టాడు, నాస్‌డాక్ 2022లో 33 శాతం పడింది, మార్ట్‌గేజ్ రేటు అదే ఏడాది రెట్టింపైంది, ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు అయిపోయింది అతని పని.

ప్రభుత్వం ఏదో చేస్తుందని ఆగొచ్చా?

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, ఆగకండి. ఫెడ్ తగ్గిస్తే మార్ట్‌గేజ్ తగ్గుతుంది అని అందరూ అనుకుంటారు కదా, 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఫెడ్ మొత్తం ఒక శాతం తగ్గించింది, అదే టైంలో 30 ఏళ్ల మార్ట్‌గేజ్ 6.08 నుంచి జనవరికి 7 దాటింది. ఎందుకంటే ఫెడ్ చేతిలో ఉండేది రాత్రికి రాత్రి ఇచ్చే అప్పు రేటు, ఇంటి లోన్ నడిచేది పదేళ్ల ట్రెజరీ బాండ్ వడ్డీ వెనక, దాన్ని నిర్ణయించేది రాబోయే ధరల పెరుగుదల మీద, ప్రభుత్వ అప్పు మీద మార్కెట్‌కి ఉన్న భయం.

2025 నవంబర్‌లో 50 ఏళ్ల మార్ట్‌గేజ్ అనే ఆలోచన వైట్‌హౌస్ వైపు నుంచి వచ్చింది. లెక్క వేస్తే 4 లక్షల లోన్ 6.25 శాతానికి 30 ఏళ్లకి నెలకి 2,463, 50 ఏళ్లకి 2,180. నెలకి 283 మిగులుతుంది, మొత్తం వడ్డీ మాత్రం 4,87,000 నుంచి 9,08,000కి పోతుంది. అదీ ఒకే రేటు అనుకుంటే, ఎక్కువ ఏళ్ల లోన్‌కి రేటు ఎక్కువే అడుగుతారు. ఇళ్లు అన్నే ఉండి అందరికీ లోన్ పెద్దదైతే ధరే పెరుగుతుంది, ఇది నాకు సహాయంలా కనిపించట్లేదు. 2026 జనవరిలో పెద్ద ఇన్వెస్టర్లు సింగిల్ ఫ్యామిలీ ఇళ్లు కొనకుండా ఆపుతామని ట్రంప్ ప్రకటించారు, అట్లాంటా లాంటి చోట్ల దాని ప్రభావం కొంచెం ఉండొచ్చు, దేశం మొత్తం ఇళ్లలో మాత్రం వాళ్ల వాటా చాలా చిన్నది. నిజంగా పనిచేసేది ఎక్కువ ఇళ్లు కట్టడమే, ఆస్టిన్‌లో వరసగా అపార్ట్‌మెంట్లు కట్టాక రెంట్లు దిగడం అందరం చూశాం. కానీ అది ఊరూరికీ, ఏళ్ల మీద జరిగే పని.

ఒక్క పాలసీ మాత్రం ఇప్పుడే లెక్కలోకి తీసుకోవచ్చు, స్టేట్ ట్యాక్స్, ప్రాపర్టీ ట్యాక్స్ డిడక్షన్ పరిమితి 2025 నుంచి 10,000 కాస్తా 40,000 అయింది. ఆదాయం 5 లక్షలు దాటితే తగ్గుతూ పోతుంది, 2030లో మళ్లీ పదివేలకే వస్తుంది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్లకి ఇది పెద్ద తేడా, టెక్సాస్‌లో అంత కాదు.

ఎవరైతే ఏం చెయ్యాలి అంటే

హెచ్1బీ మీద ఉండి గ్రీన్ కార్డ్ చాలా దూరంలో ఉన్నవాళ్లకి నా సలహా కాస్త కఠినంగా ఉంటుంది. ఉద్యోగం పోతే మీకున్నది 60 రోజులు. 2025 మే 25 నుంచి పర్మనెంట్ రెసిడెంట్ కానివాళ్లకి ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ హామీ ఉండే) లోన్ కూడా ఆపేశారు, కాబట్టి మూడున్నర శాతం డౌన్‌తో కొనే దారి లేదు, కన్వెన్షనల్ (ఆ హామీ లేని మామూలు) లోన్ మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది. ఇల్లు కొనొద్దు అనట్లేదు. డౌన్ పేమెంట్ కట్టాక కూడా పన్నెండు నెలల ఇంటి ఖర్చు ట్రెజరీల్లో మిగిలి ఉండాలి, పెళ్ళాం పిల్లలతో వెళ్లిపోవాల్సొస్తే ఆ ఇల్లు రెంట్‌కి ఇస్తే ఎంత వస్తుందో, నెలకి ఎంత చేతి నుంచి పడుతుందో ముందే తెలిసి ఉండాలి. పై ఉదాహరణలో రిపేర్లు పక్కన పెట్టినా అది నెలకి 1,255 డాలర్లు. అది ఇండియా నుంచి కట్టగలరా అని మిమ్మల్ని మీరే అడగండి.

గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండి, ఇద్దరూ సంపాదిస్తూ, ఆస్తిలో సగానికి పైగా ఒకే కంపెనీ షేర్లలో ఉన్నవాళ్లు ఇల్లు కొనకపోయినా సరే ముందు ఆ షేర్లు తగ్గించండి. ఒకేసారి అమ్మడానికి మనసొప్పకపోతే కొత్తగా వెస్ట్ అయ్యేవి వెస్ట్ అయినట్టే అమ్మండి, పాతవి నాలుగు క్వార్టర్లలో నాలుగు ముక్కలుగా. ఇల్లు కొనాలంటే ఆ డబ్బు అందులోంచి తియ్యడం నాకు నచ్చిన దారి, ఎందుకంటే ఒకే మేకు మీది బరువు కొంత ఇంకో గోడకి మారుతుంది. కానీ భార్యాభర్తలిద్దరూ ఒకే కంపెనీలో ఉండి, ఆ కంపెనీ ఆఫీస్ పక్కనే ఇల్లు కొంటే బరువు ఎక్కడికీ మారలేదు, ఒక్కరి జీతంతో నెల కట్టగలిగేంత ఇల్లే చూడండి.

కొత్త ఇల్లు బిల్డర్ దగ్గర కొనేవాళ్లు రేట్ బైడౌన్ (బిల్డర్ డబ్బు కట్టి లోన్ వడ్డీ తగ్గించడం) చూసి మోసపోకండి. 4.99 అంటారు, అది 30 ఏళ్లకా రెండేళ్లకా అని కాగితం మీద రాయించుకోండి, బైడౌన్ వద్దు ఇంటి ధర ఎంత తగ్గిస్తారు అని కూడా అడగండి, ధర తగ్గితే ప్రాపర్టీ ట్యాక్స్ కూడా తగ్గొచ్చు, రేట్ తగ్గితే తగ్గదు. కొత్త కమ్యూనిటీల్లో మడ్ ట్యాక్స్ (నీళ్లు, డ్రైనేజీ లాంటి వసతుల కోసం వేసేది) అని ఇంకోటి ఉంటుంది, దాంతో మొత్తం రెండున్నర శాతం దాటొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, టెక్సాస్‌లో ట్యాక్స్ విలువ జనవరి 1న ఎలా ఉందో దాని మీద వేస్తారు, ఆ రోజుకి మీ ఇల్లు ఖాళీ స్థలమే అయితే మొదటి ఏడాది బిల్లు స్థలానికే వస్తుంది. లోన్ ఇచ్చినవాళ్లు ఎస్క్రో (ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం నెల నెలా మన దగ్గర తీసుకుని ఉంచే డబ్బు) ఆ చిన్న బిల్లుతోనే లెక్కేస్తారు, రెండో ఏడాది ఇంటి మొత్తానికి బిల్లు వస్తుంది, ఎస్క్రోలో తక్కువ పడిన డబ్బు కూడా కలిపి నెల పేమెంట్ ఒక్కసారిగా లేస్తుంది. నాది 640 డాలర్లు పెరిగింది, క్లోజింగ్ టేబుల్ దగ్గర ఒక్కరూ ఈ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. కొన్న వెంటనే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి (మనం ఉండే సొంతింటికి ప్రాపర్టీ ట్యాక్స్ మినహాయింపు) అప్లై చేయండి, ఆ తర్వాత ట్యాక్స్ విలువ ఏడాదికి పది శాతానికి మించి పెంచలేరు, కౌంటీ నుంచి వసంతంలో వచ్చే నోటీస్‌లో విలువ ఎక్కువ వేశారనిపిస్తే మామూలుగా మే 15 లోపు ప్రొటెస్ట్ ఫైల్ చేయాలి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, పక్క వీధిలో అదే ప్లాన్ ఇళ్లకి ఎంత వేశారో ప్రింట్ తీసి పెట్టుకోండి.